వికారాబాద్ గుట్టల్లో బోల్తా పడిన థార్: క్లెయిమ్‌లో ఏది వచ్చింది, ఏది రాలేదు

"వికారాబాద్ నుంచి తాండూరు వైపు వెళ్తుంటే గేదె అడ్డం వచ్చింది. తప్పించబోతే బండి రోడ్డు దిగి పల్టీ కొట్టింది." కాల్ సెంటర్‌వాళ్లు క్లెయిమ్ నమోదు చేసుకున్నప్పుడు రాసుకున్న వివరం ఇంతే. బండి మహీంద్రా థార్, డీజిల్, ఫోర్ బై ఫోర్, హార్డ్ టాప్. కొని రెండేళ్లు కాలేదు. ప్యాకేజీ పాలసీ (సొంత బండి నష్టం, ఇతరులకు జరిగే నష్టం రెండూ ఉండేది), జీరో డెప్ (బండి పాతబడిందని విడిభాగాల ధరలో కోత వేయకుండా చూసే యాడ్ ఆన్, అంటే అదనపు కవర్) ఉంది, ఐడీవీ (బండికి పాలసీలో రాసిన విలువ) 12,80,000 రూపాయలు. ఇన్సూరెన్స్ కంపెనీ నన్ను సర్వేయర్‌గా, అంటే నష్టాన్ని లెక్కగట్టే మనిషిగా వేసింది. యజమాని హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు. అతన్ని గుర్తుపట్టే వివరాలు ఇక్కడ రాయడం లేదు.

వర్క్‌షాప్‌లో బండి చుట్టూ ఒకసారి తిరిగేసరికే గేదె కథ నిలబడదని అర్థమైంది. తారు రోడ్డు మీద బోల్తా పడి జారిన బండికి పొడుగాటి సమాంతర గీతలు పడతాయి. పెయింట్, ప్రైమర్ లేచిపోయి రేకు మెరుస్తుంది, గీతల్లో నల్లటి తారు పొడి ఉంటుంది. ఈ బండికి గీతలు దాదాపు లేవు. హార్డ్ టాప్ ఎడమ మూల పగిలింది, విండ్‌షీల్డ్ ఫ్రేమ్ లోపలికి నొక్కుకుపోయింది, ఎడమ డోర్ మీద వెడల్పాటి సొట్ట, ఆ సొట్ట నిండా ఎర్ర మొరం. డోర్ హింజ్ సందులో వేళ్లతో సహా ఇరుక్కున్న గడ్డి. ముందు ఎడమ టైరుకీ రిమ్ముకీ మధ్య మట్టి దట్టించినట్టు కూరుకుపోయింది. గాలి బాగా తగ్గించిన టైరు పక్కకు ఒత్తిడి పడినప్పుడే అలా లోపలికి మట్టి పోతుంది. తాండూరు రోడ్డు మీద వెళ్లేవాడెవడూ టైర్లలో గాలి తీసి నడపడు.

అతన్ని పక్కకు పిలిచి, "బండి ఎక్కడ పడిందో నాకు చూపించగలరా?" అని మాత్రమే అడిగాను. కాసేపు తల వంచుకున్నాడు. "ఆఫ్‌రోడ్ అని చెబితే ఒక్క రూపాయి కూడా రాదన్నారు సార్. రోడ్డు మీద అనే చెప్పమన్నారు" అన్నాడు. చెప్పింది పాలసీ చేయించిన ఏజెంట్.

ఈ సలహా నాకు చాలా క్లెయిముల్లో ఎదురవుతుంది, విన్న ప్రతిసారీ బాధేస్తుంది. ఎందుకంటే ఆ అబద్ధం అవసరమే లేదు. మన దేశంలో ఇన్సూరెన్స్ ధరల మీద నియంత్రణ 2007లో తీసేసినా, ప్రైవేటు కారు పాలసీలోని షరతుల భాష చాలావరకు 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్ (అప్పట్లో కంపెనీలన్నిటికీ ఒకటే అయిన రూల్ పుస్తకం) లోనిదే. అందులో సొంత బండి నష్టానికి సంబంధించిన భాగం మొత్తం చదవండి. 'ఆఫ్‌రోడ్' అన్న మాట ఎక్కడా కనబడదు. ప్రమాదవశాత్తు బయటి కారణం వల్ల జరిగిన నష్టం కవరవుతుంది, కొండచరియలు, రాళ్లు విరిగిపడినా కవరవుతుంది. పాలసీ చెల్లే ప్రాంతం అన్న చోట 'ఇండియా' అని ఉంటుంది తప్ప 'ఇండియాలోని రోడ్లు' అని ఉండదు. పొలం గట్టు మీద పడినా, చెరువు లోపల పడినా, గుట్ట మీద పడినా సొంత నష్టం వరకు పాలసీకి ఒకటే.

పాలసీ పట్టించుకునేది బండిని దేనికి వాడుతున్నారనే విషయాన్ని. అద్దెకు తిప్పడం, సరుకు రవాణా, నిర్వాహకులు పెట్టిన రేసులు, పేస్ మేకింగ్ (రేసులో మిగతావాళ్లకు వేగం చూపిస్తూ ముందు నడపడం), స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ (బండి సత్తాను పరీక్షించే కార్యక్రమాలు), మోటారు వ్యాపారానికి వాడటం, వీటికి కవర్ లేదు. తాగి నడిపినా లేదు, లైసెన్సు లేకపోయినా లేదు. గుట్టల్లో బోల్తా పడిన బండికి అసలు గొడవ ఈ జాబితాతోనే వస్తుంది.

అందుకే అతనికి ఒకటే చెప్పాను. క్లెయిమ్ ఫారం మీద ఇంకా సంతకం పెట్టలేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసి, ఫోన్‌లో చెప్పింది తప్పని ఒక లెటర్ కూడా జతచేయమన్నాను. క్లెయిమ్ ఫారం కింద డిక్లరేషన్ ఉంటుంది, అబద్ధం చెబితే పరిహారం మీద హక్కు పోతుందని. నిజంగా రావాల్సిన క్లెయిమ్‌ని కూడా ఆ ఒక్క సంతకం ముంచేస్తుంది. అతను ఆ రోజే రాసిచ్చాడు. ఆ తర్వాత ఇద్దరం స్థలానికి వెళ్లాం.

గుట్ట కింది నుంచి ఒక పట్టా భూమి అంచు వెంట బండ్ల బాట. ఒకచోట బాట వాలుకు అడ్డంగా వెళ్తుంది, ఎడమ పక్క లోయ వైపు. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే అడ్డ వాలు 25 డిగ్రీలకు కాస్త పైనే ఉంది. థార్ లాంటి బండి కదలకుండా నిలబడి ఉంటే ఆ వాలులో పడిపోదు. అయితే అక్కడ వాన నీళ్లు కోసిన గండి ఒకటి ఉంది, లోతు అడుగు. ఎడమ ముందు చక్రం అందులోకి దిగింది. అదే సమయానికి కుడి ముందు చక్రం ఎనిమిది అంగుళాల రాయి ఎక్కింది. రాయి మీద రబ్బరు మరక ఇంకా ఉంది. చక్రాల మధ్య దూరం సుమారు 5 అడుగులు. అంటే కిందికి దిగిన అడుగు 11 డిగ్రీలు కలిపింది, పైకి ఎక్కిన ఎనిమిది అంగుళాలు ఇంకో 7 డిగ్రీలు. ముందు చక్రాల దగ్గర వాలు 40 దాటిపోయింది. దానికి తోడు ఎడమ పక్క సస్పెన్షన్ అణిగిపోతుంది, గాలి తక్కువున్న టైరు నలిగిపోతుంది. రూఫ్ ర్యాక్ మీద స్టెప్నీ, రెండు నీళ్ల డబ్బాలు, టెంటు. బండికి 2 అంగుళాల లిఫ్ట్ కిట్ (బండి ఎత్తు పెంచే సామాను) కూడా వేయించాడు.

ఇవన్నీ ఉన్నా బహుశా నిలబడేదేమో. కానీ బండి ఒరుగుతున్నట్టు అనిపించగానే స్టీరింగ్‌ని గుట్ట వైపు, అంటే పైకి తిప్పాడు. భయంలో అందరూ చేసే పనే అది. అడ్డ వాలులో ఒరిగితే ముక్కు పల్లం వైపు తిప్పి, బండిని నేరుగా కిందికి దిగనివ్వాలి. కొండల్లో బండి నేర్పే ఎవరైనా మొదట చెప్పేది ఇదే. బండి ఎడమ పక్కకు పడి, ఇంకో పల్టీ వేసి, తలకిందులుగా ఒక మొద్దుకు ఆనుకుని ఆగింది. వేగం మనిషి నడక కన్నా ఎక్కువ లేదు. రోల్ కేజ్ (బోల్తా పడితే లోపలివాళ్లను కాపాడే ఇనుప చట్రం) పనిచేసింది, ఇద్దరూ బెల్టు పెట్టుకున్నారు, ప్రాణాలు దక్కాయి. పక్క సీట్లో ఉన్న స్నేహితుడికి కాలర్ బోన్ విరిగింది. అతని సంగతి తర్వాత చెబుతాను, అది విడిగా చెప్పాల్సిన విషయం.

కంపెనీ నుంచి వచ్చిన మొదటి అభ్యంతరం ఊహించిందే. ఇది గ్రూపుగా వెళ్లిన ట్రిప్, తలా 1,500 రూపాయలు కట్టారు, కాబట్టి నిర్వాహకులు పెట్టిన ఈవెంట్, రిలయబిలిటీ ట్రయల్ కిందికి వస్తుంది అన్నారు. వాట్సాప్ గ్రూపులోని మెసేజీలు, డబ్బు లెక్కలు అన్నీ తెప్పించి చూశాను. ఆ డబ్బు టిఫిన్‌కీ, భోజనానికీ, దారి చూపిన ఊరతనికీ పోయింది. స్టార్ట్ టైమ్ లేదు, స్టాప్‌వాచ్ లేదు, పాయింట్లు లేవు, బహుమతి లేదు, ఎంట్రీ నంబర్లు లేవు. పోటీ గానీ, బండి సత్తా పరీక్షించే కొలమానం గానీ లేకుండా పదిమంది కలిసి కొండెక్కితే అది విహారయాత్రే. నా రిపోర్టులో అలాగే రాశాను, మెసేజీల ప్రింట్లు జతచేశాను. కంపెనీ ఆ అభ్యంతరం వదిలేసింది.

అదే గనక టైమ్ పెట్టి, వరుస నంబర్లిచ్చి, గెలిచినవాడికి కప్పిచ్చే కార్యక్రమం అయ్యుంటే నేనూ వేరేగా రాసేవాణ్ని. అలాంటి వాటికి అదనపు ప్రీమియం కట్టి ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) తీసుకునే వీలు టారిఫ్‌లోనే ఉంది. పోటీకి వెళ్లేముందు నిర్వాహకుల్ని దాని గురించి రాతపూర్వకంగా అడగండి.

డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే మాత్రం సంగతి వేరు. టూరిస్టు కొండ ప్రాంతాల్లో తెల్ల నంబరు ప్లేటు జీపుల్లో సీటుకు ఇంత అని తీసుకుని వ్యూ పాయింటుకు తీసుకెళ్తారు. అది అద్దెకు తిప్పడమే, పడితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అలాంటి కేసుల్లో కూడా మొత్తం తిరస్కరించడం సరికాదని, నాన్ స్టాండర్డ్ పద్ధతిలో కొంత కోసి ఇవ్వాలని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పద్ధతిలో రావాల్సినదాంట్లో 75 శాతం దాకా ఇస్తారు. కాబట్టి 'రిజెక్ట్' అన్న లెటర్ రాగానే ఆశ వదులుకోనక్కర్లేదు.

ఇక డబ్బు లెక్క. వర్క్‌షాప్ ఎస్టిమేట్ 10,10,000 రూపాయలు. రిపేరు, బండిని బయటికి తీసే ఖర్చు కలిపి ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద, అంటే బండి మొత్తం పోయినట్టు తీసుకోవాలి. ఈ బండికి ఆ గీత 9,60,000 దగ్గర ఉంది. ఎస్టిమేట్ చూసి యజమాని ఆశపడ్డాడు, టోటల్ లాస్ అయితే కొత్త బండి కొనుక్కోవచ్చని. కానీ అందులో 2,75,000 ఇంజినుకు, 1,15,000 బయట కొని బిగించిన లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు, రూఫ్ ర్యాక్, లైట్ బార్‌కు. వేరుగా విలువ చూపించి ప్రీమియం కట్టని యాక్సెసరీలకు పాలసీ ఏమీ ఇవ్వదు. అవి తీసేశాం. మిగిలింది 6,20,000.

ఇంజిన్ దగ్గరే ఈ కేసులో అసలు చిక్కు.

బండి తలకిందులుగా చాలాసేపు ఉంది. అలా ఉన్నప్పుడు సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఉండాల్సిన ఆయిల్ బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) గుండా ఇన్‌టేక్ దారిలోకి, అంటే ఇంజిన్ గాలి పీల్చే దారిలోకి, అక్కడి నుంచి సిలిండర్లలోకి దిగుతుంది. గాలిని నొక్కవచ్చు, ఆయిల్‌ని నొక్కలేం. అది నిండిన సిలిండర్లో పిస్టన్ పైకి వచ్చిందంటే దాన్ని కింద నుంచి తోసే కనెక్టింగ్ రాడ్ వంగాల్సిందే. ఊరివాళ్లు, స్నేహితులు కలిసి ట్రాక్టరుతో, తాళ్లతో బండిని నిలబెట్టారు. ఆ ఆనందంలో అందరూ "స్టార్ట్ చెయ్, స్టార్ట్ చెయ్" అన్నారు. ఒకతను వీడియో తీశాడు. నేను ఆ వీడియో చాలాసార్లు చూశాను. మొదటిసారి కీ తిప్పితే సెల్ఫ్ ఒక్కసారి 'టక్' మని ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి తిరిగింది, వెనకాల నీలం కలిసిన తెల్ల పొగ కమ్మేసింది, లోపల నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజిన్‌ని పోగొట్టిన క్షణాన్ని పట్టుకున్నది ఈ వీడియోనే.

ఇంజిన్ విప్పించాను. ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ముద్దయింది, ఇంటర్‌కూలర్ గొట్టంలో ఆయిల్ నిలిచి ఉంది. హెడ్ తీశాక పిస్టన్లను ఒక్కొక్కటే పైదాకా తెచ్చి డెప్త్ గేజ్‌తో కొలిచాం. మూడు ఒకే ఎత్తులో వచ్చాయి. మూడో సిలిండర్లోది మాత్రం కిందే ఆగిపోయింది. దాని లైనర్ పై అంచున ఉండే నల్లటి కార్బన్ పట్టీ మిగతా వాటికన్నా వెడల్పు. రాడ్ వంగి పొట్టిదైతేనే అలా కనిపిస్తుంది. రాడ్ బయటికి తీసి అద్దం పలక మీద పెడితే వంపు కంటికే తెలిసింది.

పాలసీ నాలుగో షరతు చెప్పేది ఇది. ప్రమాదం జరిగాక బండిని జాగ్రత్తగా కాపాడాలి, రిపేరు చేయించకుండా నడిపితే ఆ తర్వాత పెరిగిన నష్టం యజమానిదే. పరిణామ నష్టం (ప్రమాదం తర్వాత దాని పర్యవసానంగా వచ్చే నష్టం), మెకానికల్ బ్రేక్‌డౌన్ ఎలాగూ మినహాయింపుల్లో ఉన్నాయి. బోల్తా వల్ల సిలిండర్లోకి ఆయిల్ వచ్చింది, అది ప్రమాదమే. దాన్ని శుభ్రం చేసే ఖర్చు, ఇంటర్‌కూలర్, ఇన్‌టేక్ విప్పి కడిగే కూలి నేను ఒప్పుకున్నాను. రాడ్ వంగింది మాత్రం కీ తిప్పడం వల్ల. 2,75,000 ఇవ్వలేమని రాయక తప్పలేదు. కుర్రాడు ఎంత బతిమాలినా ఆ ఒక్క విషయంలో నేను మెత్తబడే వీల్లేదు, కళ్ల ముందు వీడియో ఉంది.

అక్కడ చేయాల్సిన పని చిన్నది. తలకిందులైన బండిని నిలబెట్టాక కీ ముట్టుకోకూడదు. ముందు బ్యాటరీ తీసేయాలి. వర్క్‌షాప్‌కి లాక్కెళ్లాక డీజిల్ ఇంజినుకు ఇంజెక్టర్లు గానీ గ్లో ప్లగ్గులు గానీ, పెట్రోల్ బండికైతే స్పార్క్ ప్లగ్గులు విప్పి, చేత్తో ఇంజిన్ తిప్పితే ఆయిల్ బయటికి చిమ్ముతుంది. మెకానిక్‌కి ఒక పూట పని. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉంటే వచ్చేదా అని చాలామంది అడుగుతారు. దాని మాటలు కంపెనీకో రకంగా ఉంటాయి. కొన్నింట్లో నీళ్లు చేరడం, కింద దెబ్బ తగిలి ఆయిల్ కారిపోవడం వరకే రాసుంటుంది. తీసుకునే ముందు ఆ పేజీ చదవాలి. ఇతను ప్రీమియం మిగులుతుందని అది తీసుకోనేలేదు.

మిగిలిన 6,20,000లో వర్క్‌షాప్ మార్చాలని రాసిన కొన్ని రేకు భాగాలు కొట్టి సరిచేయొచ్చు. ఛాసిస్ వంగలేదని కొలతల్లో తేలింది. 74,000 తగ్గించి 5,46,000 దగ్గర నిలబెట్టాను. బండిని గుట్ట దించడానికి అతను 38,000 ఖర్చుపెట్టాడు. పాలసీలో లాక్కెళ్లే ఖర్చుకు ప్రైవేటు కారుకు ఇచ్చేది 1,500 మాత్రమే, ఎక్కువ కావాలంటే ముందే విడిగా తీసుకోవాలి. గుట్టలెక్కే అలవాటున్నవాళ్లు ముందుగా చూసుకోవాల్సిన యాడ్ ఆన్ ఇదే అంటాను. 1,500 కలిపి, 1500 సీసీ పైబడిన కారు కాబట్టి తప్పనిసరి కోత 2,000, పాత సామాను విలువ 6,500 తీసేస్తే 5,39,000 వచ్చింది. జీరో డెప్ లేకపోతే ఇంకా చాలా పడిపోయేది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగం, ఏడాది దాటిన బండి రేకు భాగాలకు 10 శాతం కోస్తారు.

కంపెనీ చివరికి ఇచ్చింది 4,04,250. అంటే 75 శాతం. లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు చెప్పకుండా వేయించుకున్నారన్నది వాళ్ల కారణం. మొత్తం తిరస్కరించాలని మొదట ఒక అభిప్రాయం వచ్చింది, దానికి నా రిపోర్టు ఒప్పుకోలేదు. బండి పడటానికి దగ్గరి కారణం గండి, రాయి, స్టీరింగ్ తిప్పిన తీరు. అయితే బండి ఎత్తు పెరిగితే ఒరిగే గుణం పెరుగుతుందని కూడా అదే రిపోర్టులో రాశాను, అది నిజం కాబట్టి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. నన్ను అడిగితే పావు వంతు కోత సబబే. ఒప్పుకోకపోతే కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయొచ్చు, అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి ఫీజు లేకుండా వెళ్లొచ్చు అని యజమానికి చెప్పాను. అతను ఆలోచించుకుని ఆ డబ్బుకే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు పక్క సీటు స్నేహితుడి సంగతి. ఈ బోల్తాలో దెబ్బ తగిలిన మనిషి అతనే, పాలసీ నుంచి ఒక్క రూపాయి అందనిదీ అతనికే. యజమానికి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంది, కానీ అది ఓనర్ డ్రైవర్‌కే. అదీ మరణానికీ, పాలసీలో రాసిన శాశ్వత వైకల్యాలకే, విరిగిన ఎముకకు కాదు. ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీలో లోపల కూర్చున్నవాళ్లకు బాధ్యత వర్తిస్తుందని 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఉత్త థర్డ్ పార్టీ పాలసీకి ఆ రక్షణ లేదు. కాబట్టి హక్కు ఉంది. కానీ మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లి పూర్తి పరిహారం అడగాలంటే నడిపినవాడి నిర్లక్ష్యం రుజువు చేయాలి, దానికి స్నేహితుడి మీదే కేసు పెట్టాలి. "వాడి మీద నేను కేసెలా పెడతాను సార్" అన్నాడు. పైగా సొంత నష్టానికి అడ్డురాని ఆ పట్టా భూమి, ఇక్కడ అడ్డొస్తుంది. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ కవర్ జనానికి వెళ్లే హక్కున్న చోటుకు సంబంధించింది. బాట బహిరంగ స్థలమా కాదా అన్న వాదన కోర్టులో తప్పకుండా వస్తుంది. చివరికి ఆసుపత్రి బిల్లు అతని ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ కట్టింది. అది లేకుంటే జేబులోంచే.

కారులో పేరు చెప్పకుండా ప్రయాణికులందరికీ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ చేర్చుకునే వీలుంది, ఖర్చు చాలా తక్కువ. మన దగ్గర కారు పాలసీ తీసుకునేటప్పుడు దాని గురించి అడిగేవాళ్లు నాకు అరుదుగా తగులుతారు. ఫ్రెండ్స్‌ని ఎక్కించుకుని గుట్టలెక్కేవాళ్లయినా అడగాలి. రిసార్టుల్లో నడిపే ఏటీవీల (లావు టైర్ల నాలుగు చక్రాల చిన్న బండ్లు) సంగతి ఇంకా ఘోరం. అవి మామూలుగా రిజిస్టర్ కావు కాబట్టి వాటికి మోటారు పాలసీయే ఉండదు. ఎక్కేముందు సంతకం పెట్టించుకునే కాగితం వాళ్లను కాపాడటానికి, మిమ్మల్ని కాదు.

థార్ యజమాని ఇంజిన్ సొంత డబ్బుతో వేయించాడు. లిఫ్ట్ కిట్ తీసేయించి, కంపెనీ సైజు టైర్లు బిగించాడు. రెన్యువల్‌లో 20 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోయింది. ప్రయాణికుల కవర్, టోయింగ్ కవర్ చేర్చాడు, ఏజెంట్‌ని మార్చాడు.